పదమూడు రాష్ట్రాల గూడ్సు బండి

మా పక్కింటి బేస్‌మెంటులో మూడొందల పైచిలుకు గూడ్సు పెట్టెలున్నాయని నాకు ఆరేళ్ళ పాటు తెలీదు. బొమ్మ పెట్టెలే లెండి. అయినా మూడొందలంటే మూడొందలే కదా.

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర మేం ఇల్లు కొన్నప్పటికే పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దాయన, ఆయన భార్య ఉండేవారు. మంచు పడ్డ రోజు పెద్దాయన నాకంటే ముందు లేచి తన వాకిలితో పాటు మా వాకిట్లో మంచు కూడా తోసేసేవారు. నేను సిగ్గుపడుతూ పార పట్టుకుని బయటికొచ్చేసరికి పని అయిపోయి ఉండేది. ఆయన 2015 చివర్లో పోయారు. తర్వాత నాలుగైదు నెలలకి ఒక శనివారం పొద్దున ఆవిడ మా తలుపు కొట్టి, "మీరు కంప్యూటర్ పని చేస్తారు కదా, ఈబేలో వస్తువులు అమ్మి పెట్టడం తెలుసా?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటర్ బాగుచేసేవాడు, ఫోన్లో నంబర్లు ఎక్కించేవాడు అనే నమ్మకం మన ఊళ్ళో పిన్నులకీ బాబాయిలకీ మాత్రమే ఉందనుకునేవాణ్ణి. కాదు, అది విశ్వవ్యాప్తం.

కిందికి దిగి చూద్దును కదా, నాలుగు గోడలకీ నేల నుంచి సీలింగు దాకా అరలు. అరల నిండా నారింజ రంగు, నీలం రంగు అట్టపెట్టెలు. ఒక్కో దాంట్లో జానెడు పైన పొడవున్న ఒక రైలు పెట్టె. అమెరికా వాళ్ళు బాక్స్ కార్ అంటారు. మన గూడ్సు బండిలో నాలుగు పక్కలా మూసి, మధ్యలో జారుడు తలుపు ఉండే పెట్టె ఉంటుంది చూడండి, అదే. వాటి పక్కల మీద రకరకాల బొమ్మలు, రాతలు. ఫలానా ఊళ్ళో ఫలానా సంవత్సరం జరిగిన సభ జ్ఞాపకార్థం, ఫలానా క్రిస్మస్ జ్ఞాపకార్థం, కంపెనీకి ఇన్నేళ్ళు నిండిన సందర్భంగా... చాలావాటికి సీలు కూడా తీయలేదు.

ఒక అరలో ఒకే రకం సెట్లు మూడున్నాయి. ఒక్కో సెట్టులో ఒక ఇంజను, పదమూడు పెట్టెలు, చివర ఒక గార్డు డబ్బా. "ఇవి పిల్లల చదువులకి" అన్నారు ఆవిడ. 1976లో ముగ్గురు పిల్లలకీ మూడు సెట్లు కొన్నారట. పిల్లలు పెద్దయ్యేసరికి వీటి ధర కాలేజీ ఫీజులకి సరిపోతుందని ఆయన లెక్క. పిల్లలు లోన్లు తీసుకుని చదువుకున్నారు. అప్పుడు ఇవి మనవల చదువుకి అయ్యాయి. పెద్ద మనవడు మరుసటేడు కాలేజీలో చేరతాడని చెప్పి, "ఎంత రావచ్చు?" అని నా మొహంలోకి చూశారు.

"చూసి చెప్తానండీ" అని బయటపడ్డాను. ఎక్సెల్ షీటు తెరిచి పెట్టెల నంబర్లు ఎక్కిస్తూ, ఒక్కో నంబరూ వెతుకుతూ పోతే ఆ వసంతమంతా నాకు అదే పని అయ్యింది. మా ఆవిడ "మనింట్లో బట్టలు మడతపెట్టే మనిషి లేడు కానీ పక్కింటి రైళ్ళకి డేటాబేస్ కట్టే మనిషి ఉన్నాడు" అంది. అలా తెలుసుకున్నదే ఈ కథ.

ఆ పెట్టెలు చేసిన కంపెనీ పేరు లయనెల్. చాలా ఏళ్ళ పాటు వీళ్ళ ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలుసా? ఇర్వింగ్టన్‌లో, హిల్‌సైడ్‌లో. అంటే నూవర్క్ ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరంలో. అమ్మానాన్నల్ని దింపుకోడానికి మనం నిద్రకళ్ళతో ఎన్నిసార్లు ఆ చుట్టుపక్కల తిరిగామో కదా. ఎవరూ చెప్పలేదు!

జాషువా లయనెల్ కోవెన్ అనే ఆయన 1900లో న్యూయార్కులో ఈ కంపెనీ పెట్టాడు. మొదట్లో అమ్మింది రైలు ఇంజను కాదండీ, ఒక పెట్టె. పైకప్పు లేని చెక్క పెట్టె, కింద ఒక చిన్న మోటారు. ఆ మోటారు అసలు ఫ్యానుల కోసం తయారు చేసుకున్నది. దుకాణం అద్దాల వెనక గుండ్రంగా తిరుగుతూ ఆ పెట్టె సరుకుని చూపించాలని ఆయన ఆలోచన. పెట్టెకి ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్రెస్ అని పేరు. కానీ దుకాణానికి వచ్చినవాళ్ళు లోపలున్న సరుకు వదిలేసి, ఆ పెట్టె ఎంత అని అడగడం మొదలుపెట్టారు. ప్రకటన కోసం చేసినదే ప్రొడక్ట్ అయి కూచుంది. ఇవాళ అవి ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

కోవెన్ మంచి పనివాడు, అంతకంటే మంచి వ్యాపారి. 1906లో ఎవరికీ సరిపోని కొలతతో ఒక పట్టా తెచ్చి, దానికి "స్టాండర్డ్ గేజ్" అని పేరు పెట్టి, ఆ పేరుని ట్రేడ్‌మార్కు చేసుకున్నాడు! తర్వాత పోటీ కంపెనీలు అదే కొలతలో రైళ్ళు చేసినా స్టాండర్డ్ అనలేక "వైడ్ గేజ్" అని రాసుకోవాల్సి వచ్చింది. తన సొంత ఫార్మాట్‌ని స్టాండర్డ్ అని పిలుచుకునే విద్య మన ఫీల్డులో కనిపెట్టారనుకున్న నా అజ్ఞానానికి నవ్వుకున్నాను.

1934లో, ఆర్థిక మాంద్యంలో, కంపెనీ అప్పులపాలై రిసీవర్ చేతికి వెళ్ళింది. ఆ ఏడాది ఒక డాలరుకి అమ్మిన మిక్కీమౌస్ ట్రాలీ బొమ్మ రెండున్నర లక్షలకి పైగా అమ్ముడుపోయింది. మిక్కీ, మిన్నీ ఎదురెదురుగా నిలబడి చేతి పంపు కొడుతుంటే ట్రాలీ తిరుగుతుంది. కంపెనీని కాపాడింది ఆ ఎలుకే అని పత్రికలు రాశాయి. నిజానికి ఖరీదైన రైళ్ళు కూడా అదే సమయంలో బాగానే పోయాయి, కానీ ఎలుక కథ బాగుంటుంది కాబట్టి అదే నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం దొరక్క బొమ్మలు ఆపేసి నౌకాదళానికి దిక్సూచి పరికరాలు చేశారు. 1943 క్రిస్మస్‌కి అట్టముక్కలు కత్తిరించి అతికించుకునే కాగితం రైలు అమ్మారు. పాపం అది చాలామంది ఇళ్ళలో సరిగ్గా నిలబడనే లేదు.

ఇంక 1953కి వద్దాం, నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది.

ఆ ఏడు లయనెల్ అమ్మకాలు 3 కోట్ల డాలర్లు దాటాయి. బొమ్మల కంపెనీల్లో అదే పెద్దది. ఆ ఏడే 6464 అనే వరసలో నాలుగు కొత్త పెట్టెలు తెచ్చారు. వెండి రంగు మీద నీలం అక్షరాలతో వెస్టర్న్ పసిఫిక్. నారింజ రంగుది గ్రేట్ నార్తర్న్. ముదురు ఎరుపుది మినియాపొలిస్ అండ్ సెయింట్ లూయిస్. ఆకుపచ్చ మీద బంగారు అక్షరాలతో రాక్ ఐలండ్. నాలుగూ అప్పట్లో నిజంగా నడుస్తున్న రైల్వే కంపెనీల పేర్లు. పిల్లవాడు కిటికీలోంచి చూసిన బండే నేల మీద కూడా తిరగాలని, అంతే ఉద్దేశం.

నాలుగు రంగులున్నా లోపలి పెట్టె మాత్రం ఒక్కటే. ఒకే అచ్చు. ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు చెక్కించడానికి బోలెడు డబ్బు, చేయి తిరిగిన పనివాడు, నెలల సమయం కావాలి. ఒకసారి చెక్కించాక పెట్టె పడేది నిమిషాల్లో. పైన రంగు, అక్షరాలు మారిస్తే ఇంకో పెట్టె. ఇంజనుకైతే ఒక్కో రకానికి ఒక్కో రూపం ఉండాలి. ఈ పెట్టెకి మాత్రం రెండు పక్కలా చదునైన గోడ. దాని మీద ఏం రాస్తే అదే. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ ఒకటే, థీమ్ మార్చి కొత్త రిలీజ్. 6464 వరస ఆ లెక్కన 1969 దాకా నడిచింది. మధ్యలో అచ్చుకి చిన్నచిన్న మరమ్మతులు జరిగాయి. సేకరించేవాళ్ళు పెట్టె లోపలి గీతలు, రివెట్ల వరసలు చూసి ఇది మొదటి రకం, ఇది మూడో రకం అని వెర్షన్ నంబర్లు చెప్పేస్తారు. వెండి రంగు వెస్టర్న్ పసిఫిక్ పెట్టె మీద నీలం బదులు ఎర్ర అక్షరాలు పడినవి బహు కొద్దిగా ఉన్నాయి. వాటి కోసం జనం కొట్టుకుంటారు. అనగా బగ్గుకే ఎక్కువ విలువ. మన దగ్గర ఈ పద్ధతి ఉంటే నేనెప్పుడో రిటైరయ్యేవాణ్ణి.

1957లో ఆడపిల్లల కోసమని గులాబీ రంగు ఇంజనుతో, లేత పసుపు, లేత నీలం పెట్టెలతో ఒక సెట్టు తెచ్చారు. ఘోరంగా తన్నేసింది. రైలంటే ఇష్టపడే ఆడపిల్లలకి నిజం రైలులాంటి నల్ల ఇంజనే కావాలి కానీ గులాబీది ఎందుకు? కొందరు దుకాణాల వాళ్ళు ఆ ఇంజన్లకి నల్ల రంగు పూసి అమ్ముకున్నారట. ఎవరూ కొననందువల్ల అవి తక్కువ మిగిలాయి, తక్కువ మిగిలినందువల్ల తర్వాత రోజుల్లో సేకరించేవాళ్ళు వాటి వెంట పడ్డారు. ఇది గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో పనికొస్తుంది.

ఈలోపు ఇంకో కథ మొదలైంది. 1954లో పెన్సిల్వేనియాలో యార్డ్లీ అనే ఊళ్ళో ఒక కొట్టంలో కొందరు పెద్దవాళ్ళు కూడి ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఆడుకున్న రైళ్ళు వెతికి కొనుక్కునేవాళ్ళు. ఏటా ఒక ఊళ్ళో సభ. సభకి ఒక గుర్తు ఉంటే బాగుంటుంది కదా అని లయనెల్ చేత ప్రత్యేకం పెట్టెలు చేయించుకోవడం మొదలుపెట్టారు. 6464-1965 అంటే 1965 పిట్స్‌బర్గ్ సభ, 6464-1970 అంటే షికాగో, 6464-1971 డిస్నీలాండ్. పెట్టె నంబరులోనే సంవత్సరం. ఇవి నాకు చాలా నచ్చాయి. తిరుపతి వెళ్ళినవాడు లడ్డూ తెచ్చుకున్నట్టు, సభకి వెళ్ళినవాడు ఒక పెట్టె తెచ్చుకుంటాడు. వెళ్ళాడు కాబట్టి ఉంది. పక్కింటి పెద్దాయన దగ్గర ఇలాంటివి పది పదిహేను ఉన్నాయి. ఆవిడ ఒక్కోటి చేతిలోకి తీసుకుని, ఇక్కడ వాన, ఇక్కడ కారు ఆగిపోయింది, ఇక్కడికి వెళ్ళినప్పుడు మా పెద్దది కడుపులో ఉంది అని చెప్తూ పోయారు. నేను ఎక్సెల్‌లో "వివరాలు" అనే కాలంలో ఏం టైప్ చెయ్యాలో తెలీక ఊరుకున్నాను.

గొడవంతా తర్వాతే. 1959లో కోవెన్ తన వాటా అమ్మేసి తప్పుకున్నాడు. కొన్న బృందానికి పెద్ద ఆయనకి మనవడి వరసయ్యే రాయ్ కోన్. అవును, సెనేటర్ మెకార్తీ దగ్గర లాయరుగా పేరు తెచ్చుకున్నవాడు, తర్వాత రోజుల్లో కుర్ర డొనాల్డ్ ట్రంప్‌కి లాయరు, ఆ కోనే. అప్పటికే పిల్లలు టీవీకి, రేసు కార్లకి, అంతరిక్షానికి మళ్ళారు. పెద్దలు రైలు వదిలి కారెక్కారు. పిల్లవాడికి కిటికీలోంచి గూడ్సు బండే కనపడకపోతే బొమ్మ గూడ్సు ఎందుకు అడుగుతాడు? కోవెన్ 1965లో పోయాడు. ఆ దశాబ్దం చివరికి లయనెల్ రైళ్ళు చేసే లైసెన్సు జనరల్ మిల్స్ చేతికొచ్చింది. పొద్దున్నే పాలల్లో వేసుకునే సీరియల్ కంపెనీ అండీ!

వాళ్ళు తెలివైనవాళ్ళు. చేతిలో పాత అచ్చులున్నాయి. పిల్లలు కొనడం లేదు. కానీ 1953లో పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు, జేబులో డబ్బుంది, గుండెలో జ్ఞాపకముంది. కాబట్టి సేకరించేవాళ్ళ కోసమే పెట్టెలు చేద్దాం. లోహపు చక్రాల బండ్లు తీసేసి తేలికైన ప్లాస్టిక్‌వి పెట్టారు, 6464 నాటి అచ్చునే కొద్దిగా సవరించారు, ఏటా వరసగా కొత్త రంగులు వదిలారు. ఒక వరసలో సిగరెట్ బ్రాండ్లు, 1980ల మొదట్లో ఇంకో వరసలో విస్కీ బ్రాండ్లు. విస్కీ పేరున్న బొమ్మ రైలు పెట్టె! ఇక్కడికొచ్చేసరికి ఇవి పిల్లల కోసమని నటించడం కూడా మానేశారన్నమాట.

అమెరికాకి 200 ఏళ్ళు నిండిన 1976 వీళ్ళకి పెద్ద పండగ. సీబోర్డ్ కోస్ట్ లైన్ అనే నిజం రైల్వే 1971లోనే ఒక ఇంజనుకి ఎరుపు, తెలుపు, నీలం రంగులేసి 1776 అని నంబరిచ్చింది. లయనెల్ దాని బొమ్మ చేసి, వెనకాల పదమూడు తొలి రాష్ట్రాలకి పదమూడు పెట్టెలు పెట్టింది. నంబర్లు 7601 నుంచి 7613. డెలావేర్ మొదలు, రోడ్ ఐలండ్ చివర. రాజ్యాంగాన్ని ఏ రాష్ట్రం ముందు ఆమోదించిందో ఆ వరసలోనే నంబర్లిచ్చారు. గార్డు డబ్బాకి 7600. చక్కటి ఆలోచన, కాదనను. మా న్యూజెర్సీ 7603. పెట్టె మీద ఆ రాష్ట్రపు గుర్తులు.

పెద్దాయన మూడు సార్లు కొన్నది ఈ సెట్టే.

ఒక్క పెద్దాయనే కాదు, దేశమంతా కొన్నారు. కొని సీలు తీయకుండా దాచారు. ఇక్కడే లెక్క తప్పింది. 1953 పెట్టెలు ఎందుకు అరుదయ్యాయి? పిల్లలు వాటితో ఆడుకుని, గుద్దించి, చక్రాలు విరగ్గొట్టి, అట్టపెట్టెలు పారేసి, అమ్మలు గరాజ్ సేల్‌లో ఇచ్చేసి, మొత్తానికి పాడుచేశారు కాబట్టి. గులాబీ సెట్టు ఎందుకు అరుదైంది? ఎవరికీ నచ్చలేదు కాబట్టి. దాచుకోండి అని చెప్పి అమ్మిన వస్తువుని అందరూ దాచుకుంటే అది అరుదు ఎలా అవుతుంది? నలభై ఏళ్ళ తర్వాత అందరి బేస్‌మెంట్లలోంచీ ఒకేసారి, ఒకే రకం మెరుపుతో బయటికొచ్చాయి. వర్జీనియా పెట్టె మాత్రం కాస్త తక్కువగా దొరుకుతుంది, దానికి ధర ఎక్కువ.

ఈబేలో జనం అడిగే ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అమ్ముడైనవి మాత్రమే చూపించు అని ఒక చెక్‌బాక్స్ ఉంటుంది. అది నొక్కగానే కళ్ళు తిరగడం ఆగిపోతుంది. పెద్దాయన 1976 నాటి బిల్లు కూడా సెట్టుతో పాటే దాచారు. ద్రవ్యోల్బణం లెక్క కలిపితే ఆయన పెట్టిన డబ్బు కూడా వెనక్కి రాదు. షీటులో కింద మొత్తం చూసి నాకు కడుపులో దేవినట్టయ్యింది. ఆవిడకి ఏమని చెప్పను?

ఇది అమెరికా వాళ్ళ పిచ్చి మాత్రమే కాదు. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో మెర్క్లిన్ అని ఇంకా పాత కంపెనీ ఉంది, 1859ది. వాళ్ళు కూడా ఏటా ఒక మ్యూజియం పెట్టె, 1993లో పెట్టిన క్లబ్బు సభ్యులకి ఏటా ఒక పెట్టె చేస్తూ వచ్చారు. 2009 వాళ్ళకి 150వ ఏడు. అదే ఏడాది ఫిబ్రవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తర్వాత కోలుకుంది, 2013లో సింబా డిక్కీ అనే బొమ్మల గ్రూపు కొనుక్కుంది. కానీ జ్ఞాపకార్థపు పెట్టెలు కొనేవాళ్ళంతా ఒకే వయసు వాళ్ళు. వాళ్ళ జుట్టు నెరిసేకొద్దీ ఆ వ్యాపారానికి కొత్త కస్టమర్లు ఎక్కణ్ణుంచి వస్తారు?

షీటుతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే ఒక సంగతి తట్టింది. ఆ నాలుగు 1953 పెట్టెల మీదున్న రైల్వేలు ఇప్పుడేమయ్యాయా అని ఊరికే వెతికాను. మినియాపొలిస్ అండ్ సెయింట్ లూయిస్‌ని 1960లో షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ మింగేసింది. గ్రేట్ నార్తర్న్ 1970లో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది. రాక్ ఐలండ్ దివాలా తీసి 1980 మార్చి 31న ఆగిపోయింది, పట్టాలు ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. వెస్టర్న్ పసిఫిక్‌ని 1982 చివర్లో యూనియన్ పసిఫిక్ కొనేసింది. నాలుగూ లేవు! మామూలు బొమ్మలుగా పుట్టిన నాలుగు పెట్టెలూ, ఎవరూ అనుకోకుండానే, స్మారక చిహ్నాలైపోయాయి. స్మారకంగా పుట్టిన పదమూడు పెట్టెలు దేన్ని గుర్తు చేస్తున్నాయి? పదమూడు రాష్ట్రాలూ నిక్షేపంగా ఉన్నాయి. వాటిని గుర్తు పెట్టుకోడానికి ప్లాస్టిక్ పెట్టె అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో తమాషా. చచ్చిపోయిన రైల్వేల పేర్లకి కూడా వారసులుంటారు. యూనియన్ పసిఫిక్ తన పేరే కాక, తాను మింగిన పాత రైల్వేల పేర్లూ గుర్తులూ బొమ్మల మీద వాడుకున్నా రుసుము కట్టాలంది. 2004లో లయనెల్ మీద, ఏథర్న్ అనే ఇంకో కంపెనీ మీద దావా వేసింది. తాను స్వయంగా ఆ పేరుతో బండి నడపదు, వాటి రంగులు చెరిపేసింది, కానీ బొమ్మ మీద ఆ పేరు కనిపిస్తే డబ్బు కావాలి. అభిమానులు గోల చేశారు. ఎంటీహెచ్ అనే ఇంకో బొమ్మ రైళ్ళ కంపెనీతో వివాదం కోర్టులో నడిచాక, 2006 నవంబరులో రైల్వే దిగొచ్చి ఆ రుసుము వదులుకుంది. ఓపెన్‌సోర్స్ లైసెన్సుల మీద రాత్రుళ్ళు వాదించుకునే మనవాళ్ళకి దీని రుచి చెప్పక్కర్లేదు.

మా తాతయ్య బిట్రగుంటలో గూడ్సు గార్డు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో చేరి, 1951లో ఒక రోజు పొద్దున లేచేసరికి సదరన్ రైల్వే ఉద్యోగి అయ్యారు. ముసలితనంలో కూడా "మా కంపెనీ" అంటే ఎం.ఎస్.ఎం. కంపెనీయే. మా అమ్మ వాళ్ళ వైపు కాజీపేటలో వాళ్ళకి నిజాం స్టేట్ రైల్వే కూడా ఆ ఏడే పోయింది. ఆ అక్షరాలు రాసిన గూడ్సు పెట్టెలు ఎన్ని వేలు తిరిగుంటాయో. తర్వాత రంగులేశారు, ఆ తర్వాత తుక్కు కింద కోశారు. మన ఇళ్ళలో పిల్లలు అగ్గిపెట్టెలు దారంతో కట్టి లాగారే తప్ప, వాటి మీద ఎవరూ ఎం.ఎస్.ఎం. అని అచ్చేసి అమ్మలేదు. అందుకేనేమో ఆకుపచ్చ రాక్ ఐలండ్ పెట్టె చూస్తే, నేనెన్నడూ చూడని రైల్వే అయినా, కాస్త అసూయ కలిగింది.

ఆ పెట్టె పెద్దాయన దగ్గర ఉంది. సామాన్ల కింద, అట్టపెట్టె లేకుండా, ఒక షూ డబ్బాలో. ఒక తలుపు లేదు. బంగారు అక్షరాలు సగం అరిగిపోయాయి. అడుగున లోహం మీద మేకుతో చెక్కిన పిల్లవాడి పేరు. పదేళ్ళప్పుడు, 1953 క్రిస్మస్‌కి వాళ్ళ నాన్న కొనిచ్చాడట. సేకరించేవాళ్ళ లెక్కలో దానికి విలువ దాదాపు సున్నా. నేను షీటులో దానికి ఒక వరస రాసి, ధర దగ్గర ఖాళీ వదిలేశాను.

చివరికి ఆవిడకి చెప్పేశాను. లాప్‌టాప్ తీసుకెళ్ళి, వంటింటి బల్ల మీద పెట్టి, ఏ వరసా దాచకుండా చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. సభల పెట్టెల దగ్గర కొంచెంసేపు ఆగారు. చివర అంకె చూసి, "ఇది ఆయనకి తెలుసంటారా?" అన్నారు. 2000 సంవత్సరం తర్వాత ఆయన కొత్తవి కొన్న బిల్లులు ఒక్కటి కూడా కనపడలేదని చెప్పాను. "అయితే తెలుసు" అన్నారావిడ. తర్వాత షూ డబ్బా తీసి పక్కన పెట్టుకున్నారు. సభల పెట్టెలు కూడా.

మిగతావి ఆ అక్టోబరులో యార్క్ తీసుకెళ్ళాం. పెన్సిల్వేనియాలో యార్క్ ఊరి ఫెయిర్‌గ్రౌండ్స్‌లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఆ అసోసియేషన్ వాళ్ళ సంత జరుగుతుంది. పెద్దాయన స్నేహితుడొకాయనకి సభ్యత్వం ఉంది, ఆయన బల్ల మీదే మా సరుకు పెట్టుకున్నాం. హాళ్ళకి రంగుల పేర్లు. హాళ్ళ నిండా బల్లలు, బల్లల వెనక తెల్లజుట్టు. మా పక్క బల్లల మీద నేను లెక్కపెట్టినంతలోనే పదమూడు రాష్ట్రాల సెట్లు ఇంకో నాలుగున్నాయి.

మధ్యాహ్నం దాటాక ఒకతను వచ్చాడు, చంకలో నాలుగేళ్ళ మనవరాలు. ఒక సెట్టు ధర అడిగాడు, బేరం కూడా ఆడలేదు. డబ్బిచ్చి, డెలావేర్ పెట్టె తీసి, మా కళ్ళ ముందే సీలు చింపాడు. నలభై ఏళ్ళ సీలు! నా చెయ్యి నాకు తెలీకుండానే ఆపబోతూ ముందుకెళ్ళింది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు. అతను పెట్టెని బల్ల మీద పెట్టి పిల్లకి చూపించాడు. ఆ పిల్ల ఒక వేలితో నెట్టింది. తేలికైన ప్లాస్టిక్ చక్రాలు కదా, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి చప్పుడు లేకుండా దూసుకుపోయి కింద పడింది. దాని తలుపు ఊడి ఎటో ఎగిరిపోయింది. వంగి వెతికాం, నేనూ, అతనూ, ఆవిడా.